దీపాన్ని ఆర్పే ఊపిరి, పొయ్యిని రాజేసే ఊపిరి

పోయిన నెల మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు నిండాయి. పుట్టినరోజు శ్రీకాకుళంలో మా ఇంట్లోనే చేశాం, ఉద్దానం నుంచి అమ్మ కూడా పనస తొనలు పట్టుకుని వచ్చింది. కేకు మీద తొమ్మిది కొవ్వొత్తులు వెలిగించాం. చిన్నది బుగ్గలు పూరించి ఊదబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టేసింది. "అదేటే గుంటా, దీపాన్ని నోటితో ఊదుతారేటి? తప్పు."

మా ఇంట్లో ఈ మాట కొత్త కాదు. దీపం ఆరిపోయింది అని కూడా అనం, కొండెక్కింది అంటాం. కానీ చిన్నది ఒక్క క్షణం ఆలోచించి, "మరి ఊర్లో నువ్వు పొయ్యిని నోటితోనే ఊదుతావు కదా అమ్మమ్మా, అప్పుడు మంట ఆరదు, ఇంకా పెద్దదవుతుంది, అదెలాగ?" అని అడిగింది. అమ్మ "అది వేరు, ఇది వేరు" అంది, అందరూ నవ్వారు, కేకు కోసేశాం.

నాకు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. అదే నోరు, అదే ఊపిరి. దీపం ఆరుతుంది, పొయ్యి రాజుకుంటుంది. ముప్పై ఏళ్లుగా రెండూ చూస్తున్నాను, ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు.

చిన్నప్పుడు బడిలో మాకు చెప్పిన జవాబు ఒకటుంది. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అది మంటకు ఆక్సిజన్ అందనివ్వదు, అందుకే కొవ్వొత్తి ఆరుతుంది అని. నేను అదే పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేశారు. ఇప్పుడు చిన్నదానికి అదే చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే అదే నిజమైతే పొయ్యి కూడా ఆరిపోవాలి కదా.

లెక్క చూద్దాం. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. మనం వదిలే ఊపిరిలో సుమారు 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. అంటే ఊపిరిలో ఇంకా బోలెడంత ఆక్సిజన్ మిగిలే ఉంది. మూత పెట్టిన సీసాలో కొవ్వొత్తి కూడా దాదాపు ఆ 16 శాతం దగ్గరే ఆరిపోతుంది కాబట్టి, ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ అన్నది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు, కొంచెం సాయం చేస్తుందేమో. కానీ పెదాల నుంచి బయలుదేరిన ఊపిరి మంట దాకా వెళ్లేలోగా చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది, కాబట్టి అక్కడికి చేరేది మన ఊపిరి ఒక్కటే కాదు. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఏమిటంటే తాటాకు విసనకర్ర. ఒక్క విసురు విసరండి, కొవ్వొత్తి ఆరిపోతుంది. విసనకర్ర ఊపిరి తీసుకోదు కదా, అది తోసింది గదిలో ఉన్న మామూలు గాలినే. సైకిల్ పంపుతో కొట్టినా ఆరుతుంది. మరి ఆక్సిజన్ నిండుగా ఉన్న గాలి మంటను ఎలా ఆర్పింది?

దీనికి జవాబు కావాలంటే ముందు కొవ్వొత్తిలో మండేది ఏమిటో చూడాలి. వత్తి మండుతోంది అనుకుంటాం. ఒక నూలు దారాన్ని మైనం లేకుండా విడిగా వెలిగించండి, క్షణాల్లో అయిపోతుంది. పోనీ మైనం మండుతోందా అంటే, మైనం ముద్దకు అగ్గిపుల్ల ఆనించినా కరుగుతుంది తప్ప అంటుకోదు. మండేది మైనం ఆవిరి. మంట వేడికి పైన మైనం కరిగి, 50, 60 డిగ్రీల దగ్గరే ద్రవమై, చిన్న చెరువులా నిలబడుతుంది. ఆ ద్రవాన్ని వత్తి పైకి పీల్చుకుంటుంది, నీళ్లలో చీర కొంగు తడిస్తే తడి పైకి పాకినట్టు. వత్తి పైకి చేరేసరికి వేడికి ఆవిరవుతుంది, ఆ ఆవిరి బయటి గాలితో కలిసే చోట మండుతుంది. ఆ మంట వేడిలో కొంత మళ్లీ కిందికి వచ్చి ఇంకాస్త మైనాన్ని కరిగిస్తుంది. ఇలా తన తిండి తానే వండుకుంటూ ఉంటుంది. ఒక మామూలు కొవ్వొత్తి ఇచ్చే వేడి 80 వాట్ల దాకా ఉంటుంది, పాతకాలపు ఫిలమెంటు బల్బు ఎంతో అంత, అందులో ఎక్కువ భాగం పైకే పోతుంది.

మంటను దగ్గరగా చూస్తే వత్తి చుట్టూ నల్లగా ఒక ఖాళీ చోటు కనిపిస్తుంది. అక్కడ ఉన్నది ఇంకా మండని ఆవిరి. లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే చోట మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల కోసం కొవ్వొత్తి మీదే వరసగా ఆరు ప్రసంగాలు ఇచ్చాడు. ఒక గాజు గొట్టం తీసుకుని ఒక కొసను ఆ నల్లటి చోట పెట్టి, ఆవిరిని గొట్టం గుండా బయటికి రప్పించి, రెండో కొస దగ్గర వెలిగించి చూపించాడు. కరెంటు మోటారుకు, జనరేటరుకు పునాది వేసిన మనిషి, ఆరు రోజుల పాటు పిల్లలకు కొవ్వొత్తి గురించి చెప్పాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు ఊదడం దగ్గరికి వద్దాం. కొవ్వొత్తి మంట ఒక వస్తువు కాదు, వత్తి మీద కూర్చుని ఉండదు. ఆవిరి వస్తూ ఉండాలి, గాలి కలుస్తూ ఉండాలి, ఆ కలిసే చోటే వేడి ఉండాలి, ఈ మూడూ ఒకే చోట జరిగినంత సేపే మంట. మంట అడుగున, వత్తి పక్కన నీలంగా సన్నగా ఒక అంచు కనిపిస్తుంది చూడండి, మంట మొత్తానికి అదే లంగరు. ఇలాంటి ఇంధనాల ఆవిరి గాలిలో కలిసి ఉంటే అందులో మంట పాకే వేగం సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు మాత్రమే. మనం పెదాలు బిగించి ఊదే గాలి అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. మంట ఎదురు పాకి తన చోటికి రాలేదు, గాలి దాన్ని వత్తి మీంచి లాక్కుపోతుంది. అటు వెళ్లిన మంటకు తిండి లేదు, ఇటు మిగిలిన వత్తికి వేడి లేదు. దానికి తోడు ఆ గాలి ఆవిరిని పలచన చేసేస్తుంది, చల్లారుస్తుంది. అంతే, అయిపోయింది. ఆక్సిజన్ తక్కువై కాదు, గాలి మరీ ఎక్కువై, మరీ వేగంగా వచ్చి ఆరింది.

ఇంజినీర్లు దీన్ని రెండు సమయాల పోటీగా చూస్తారు. మంటలో రసాయన చర్య పూర్తి కావడానికి కొంత సమయం కావాలి. గాలి ఆ చోటిని దాటిపోవడానికి కొంత సమయం పడుతుంది. గాలి ముందే దాటిపోతే మంట నిలవదు. ఈ నిష్పత్తికి గెర్హార్డ్ డామ్‌కోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేరు పెట్టారు, డామ్‌కోలర్ సంఖ్య అంటారు. విమానం ఇంజన్‌లో అంత గాలి హోరులో మంట ఆరకుండా నిలబెట్టేవాళ్లకు కూడా ఇదే లెక్క.

ఆర్పిన వెంటనే వత్తి మీంచి తెల్లటి పొగ లేస్తుంది కదా. అది కాలిన పొగ కాదు, వత్తి ఇంకా వేడిగా ఉండటం వల్ల లేస్తున్న మైనం ఆవిరే, గాలిలో చల్లబడి చిన్న చిన్న బొట్లుగా మారి తెల్లగా కనిపిస్తోంది. వత్తికి ఒకటి రెండు సెంటీమీటర్ల పైన, ఆ పొగ తీగలో వెలిగించిన అగ్గిపుల్ల పెడితే మంట ఆ పొగ వెంటే కిందికి దిగి వత్తిని మళ్లీ వెలిగిస్తుంది. వత్తిని ముట్టుకోనక్కర్లేదు. చిన్నదానికి ఇది చూపిస్తే పదకొండు సార్లు చేయించింది. మీరు చేస్తే ఫ్యాను ఆపి, కిటికీ మూసి చేయండి, పొగ నిటారుగా లేవాలి. పిల్లలు ఒక్కరే చేయకూడదు, జుట్టు వెనక్కి కట్టుకోవాలి.

ఇక పొయ్యి. కట్టెల పొయ్యిలో మంట కంటే ముఖ్యమైనది కింద ఉన్న నిప్పులు. కట్టెలోంచి ముందు ఆవిర్లు బయటికి వచ్చి మంటగా మండుతాయి, అవి అయిపోయాక మిగిలిన బొగ్గు మంట లేకుండా ఎర్రగా కణకణలాడుతుంది. బొగ్గు ఆవిరై మండదు, గాలిలో ఆక్సిజన్ దాని ఒంటి మీదికే వచ్చి చేరితే అక్కడే మండుతుంది. దాన్ని గాలి ఎక్కడికీ తీసుకుపోలేదు, ఎందుకంటే అది ఘన పదార్థం, బరువు ఉంది. పైగా ఎంతో వేడిని లోపల దాచుకుని ఉంటుంది. ఊదినప్పుడు బొగ్గు చుట్టూ పేరుకున్న బూడిద ఎగిరిపోతుంది, పాత గాలి పోయి కొత్త గాలి వస్తుంది, అదే 16 శాతం ఆక్సిజన్ అయినా సరే, బొగ్గు ఎర్రబడుతుంది. ఆ వేడికి పైనున్న చితుకుల్లోంచి ఆవిర్లు లేచి భగ్గుమని అంటుకుంటాయి. కొవ్వొత్తి వత్తి కొసన కూడా ఆర్పాక ఒక ఎర్రటి చుక్క మిగులుతుంది, దాని మీద మెల్లగా ఊదితే అదీ పొయ్యిలో బొగ్గులాగే ఇంకాస్త ఎర్రబడుతుంది. కానీ అది గింజంత. దాచుకున్న వేడి రెండు మూడు క్షణాలకే అయిపోతుంది.

అమ్మ "అది వేరు, ఇది వేరు" అన్నది నిజమే. ఒకటి ఆవిరి మంట, ఇంకొకటి ఘనమైన నిప్పు.

ఈ తేడా నేను ఒక రాత్రి కళ్లారా చూశాను, కానీ అప్పుడు అర్థం కాలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను. దసరాకని ఊరు వెళ్లాం, నవరాత్రుల్లో మొదటి రోజు, మామ్మ అంటే నాన్నగారి అమ్మ దేవుడి గదిలో అఖండ దీపం పెట్టింది. ఇంట్లో వాడేది బుడితి ఇత్తడి కుంది, వత్తి వేలంత లావు. సాయంత్రానికే కరెంటు పోయింది. తెల్లవారితే 11వ తారీఖు, నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురుకు 165 దాకా పోయిందని తర్వాత వాతావరణ శాఖ చెప్పింది. మాకు ఆ అంకెలు తెలీవు, కొబ్బరి చెట్లు విరిగి పడుతున్న చప్పుడు తెలుసు. ఉన్న కొవ్వొత్తులన్నీ వెలిగించడం, ఆరిపోవడం, మళ్లీ వెలిగించడం. పెరటి తలుపు గడియ ఊడి ఒక్కసారిగా గాలి ఇల్లంతా తిరిగింది. మామ్మ దీపం కొండెక్కింది. ఆవిడ ఏమీ అనలేదు, ఆ చీకట్లో ఆవిడ మౌనమే నాకు గాలి కంటే భయం వేసింది.

అప్పుడు వంటింటి వైపు చూస్తే పొయ్యి ఎర్రగా వెలుగుతోంది. రాత్రి వంట అయ్యాక బూడిద కప్పి వదిలేసిన నిప్పులు. దీపాన్ని తీసుకుపోయిన ఆ గాలే పొయ్యి మీది నివురు ఎగరగొట్టి నిప్పును లేపింది. నివురుగప్పిన నిప్పు అని ఎన్నిసార్లు అన్నామో, అది కళ్లముందు కనిపించడం అదే మొదటిసారి. నాన్న పరుగెత్తి వెళ్లి తలుపుకి బియ్యం బస్తా అడ్డం పెట్టారు. మామ్మ ఒక నిప్పు కణికను పటకారుతో తీసి, ఎండిన కొబ్బరి పీచులో పెట్టి, రెండు చేతుల మధ్య పట్టుకుని నోటితో ఊదింది. పీచు అంటుకుంది. దాంతో అటక మీంచి దించిన పాత లాంతరు వెలిగించింది, సీసా అడుగున కాస్త కిరసనాయిలు మిగిలి ఉంటే. తొమ్మిది రాత్రులూ దేవుడి గదిలో ఆ లాంతరే అఖండ దీపం. మిగతా నిప్పుల మీద అమ్మ వెంటనే చెంబుడు నీళ్లు పోసేసింది, అలాంటి గాలిలో ఒక్క రవ్వ చాలు.

ఆ లాంతరు గురించి కూడా చెప్పాలి. హరికేన్ లాంతరు అంటే తుపాను లాంతరే కదా. గాజు బుడ్డి గాలి నేరుగా తగలకుండా ఆపుతుందని అందరికీ తెలుసు. రెండు పక్కలా ఉండే రేకు గొట్టాలు అందం కోసం కాదు, పై నుంచి గాలిని తిప్పి వత్తి కిందికి తెచ్చేది అవే. బయట ఎంత హోరుగా ఉన్నా గాలి ఆ దారిలో తిరిగి, నెమ్మదించి మంట దగ్గరికి చేరుతుంది. మంటకు గాలి కావాలి, విసురు వద్దు, రెండూ ఆ గొట్టాల్లోనే కుదిరాయి. మంట చుట్టూ గాజు పెడితే వేడి గాలి పైకి గుంజుకుంటూ పోయి కింద నుంచి కొత్త గాలి లోపలికి వస్తుందని, దాంతో వెలుగు పెరుగుతుందని జెనీవాలో పుట్టిన ఎమీ ఆర్గాండ్ 1780 ప్రాంతంలోనే దీపం చేసి చూపించాడు.

మా మామ్మ అడ్డపొగ కూడా తాగేది. మన వైపు తెలియనివాళ్లు ఉండరు, చుట్ట వెలిగిన కొసను నోట్లోకి పెట్టుకుని పీల్చడం. ఎందుకలా అంటే, సముద్రపు గాలికి నిప్పురవ్వలు ఎగిరి పిల్లల మీద పడవు, చుట్ట తొందరగా అయిపోదు అని చెప్పేది. ఆవిడ చెప్పింది ఇప్పుడు అర్థమవుతోంది. చుట్టలో ఉన్నది మంట కాదు, బొగ్గులాంటి నిప్పు. గాలి తగిలితే ఆరదు, ఇంకా తొందరగా కాలిపోతుంది. నోట్లో దాచితే గాలి తక్కువ, నెమ్మదిగా కాలుతుంది. కానీ ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగిలి ఎంతమందికి క్యాన్సరు తెచ్చాయో కూడా మన పల్లెలకు తెలుసు. 1971లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం కోసమే మన వైపు పది వేల మందికి పైగా నోళ్లు పరీక్షించారు. ఇంట్లో ఇంకా ఎవరైనా అడ్డపొగ తాగుతుంటే దయచేసి ఒకసారి అంగిలి చూపించండి, తెల్లటి మచ్చ గానీ పుండు గానీ ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఊపిరి దీపాన్ని ఆర్పకుండా ఇంకో పని కూడా చేయగలదు. కంసాలి చేతిలో సన్నటి ఇత్తడి ఊదుగొట్టం చూశారా. నూనె దీపం మంట పక్కన గొట్టం కొస పెట్టి, బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ ఆపకుండా ఊదుతాడు. మంట ఆరదు, పక్కకి వంగి, సూదిలా సాగి, నీలంగా మారి, నగ అతుకు కరిగేంత వేడెక్కుతుంది. గాలి ధార సన్నం కాబట్టి మంట అడుగు వత్తిని వదలదు. ఆ ధార మంట మధ్యలోకి దూరి, ఎప్పుడూ గాలి అందని చోట ఆక్సిజన్ అందిస్తుంది. మసి తగ్గుతుంది, పసుపు పోతుంది, వేడి ఒకే చోట పోగవుతుంది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే, ఎందుకంటే దీని వెనక లెక్కలు రాయక ఎన్నో తరాల ముందే ఒక మనిషి బుగ్గలు ఆ వేగాన్ని సరిగ్గా కొలిచి పెట్టుకున్నాయి.

సరే, చిన్నదీ నేనూ రెండు ఆదివారాలు ఇదే పని మీద కూర్చున్నాం. ఊదితే ఆరుతుంది, మరి గాలి లోపలికి పీలిస్తే ఆరదేం అని అడిగింది. మంట దగ్గర నోరు పెట్టి పీల్చడం ప్రమాదం కాబట్టి చేయనివ్వలేదు, టేబుల్ ఫ్యాను పెట్టి చూపించాను. ఫ్యాను ముందు నిలబడితే గాలి కొడుతుంది, వెనక నిలబడితే దాదాపు ఏమీ తెలియదు. వెనక నుంచి లోపలికి వెళ్లే గాలి, ముందు నుంచి వచ్చే గాలి ఒకటే అంత. కానీ బయటికి వచ్చేది ఒకే దిక్కున ధారగా వస్తుంది, లోపలికి వెళ్లేది అన్ని వైపుల నుంచీ మెల్లగా చేరుతుంది. పీల్చినప్పుడూ అంతే, మంట వైపు నుంచి వచ్చే వాటా చాలా తక్కువ.

తర్వాత నూనె పోసే గరాటు తెచ్చాం. సన్న కొస నోట్లో పెట్టుకుని, వెడల్పు మూతిని కొవ్వొత్తికి ఎదురుగా పట్టి, మంటను సరిగ్గా మధ్యకు తెచ్చి ఊదమన్నాను. ఎంత ఊదినా ఆరదు! గట్టిగా ఊదితే మంట ఎదురుగా గరాటు వైపే వంగుతుంది. గాలి గరాటు గోడల్ని అంటుకుని పోతుంది, మధ్యలో ఒత్తిడి తగ్గి బయటి గాలి వెనక్కి వస్తుంది. గరాటు అంచు మంటకు ఎదురుగా వచ్చేలా కాస్త పక్కకి జరపండి, టక్కున ఆరిపోతుంది. గరాటు తిప్పి వెడల్పు వైపు నుంచి ఊదినా ఆరుతుంది.

సీసా ఆట కూడా అలాంటిదే. గుండ్రటి సీసా వెనకాల కొవ్వొత్తి పెట్టి ముందు నుంచి సీసా మీద ఊదితే వెనక మంట ఆరిపోతుంది, సీసా లేనట్టే. గాలి గుండ్రటి ఒంటిని పట్టుకుని రెండు పక్కలా తిరిగి వెనక మళ్లీ కలుస్తుంది. అదే సీసా బదులు అట్ట ముక్క నిలబెట్టి ఊదితే మంట అట్ట వైపే, అంటే మన వైపే వంగుతుంది, అట్ట వెనక గాలి సుడి తిరుగుతుంది కాబట్టి.

చప్పుడుతో కూడా మంట ఆర్పవచ్చని చెబితే చిన్నది నమ్మలేదు. 2015లో అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు, 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉండే లోతైన శబ్దంతో చిన్న మంటలు ఆర్పే పరికరం చేశారు. ఆ శబ్దం గాలిని ముందుకీ వెనక్కీ ఊపుతుంది, మంట తన చోట కుదురుగా ఉండలేదు. మా ఊరి అమ్మవారి సంబరంలో డీజే బాక్సుల ముందు పెట్టిన దీపం దరువుకు వణకడం గుర్తు చేస్తే అప్పుడు ఒప్పుకుంది.

ఇదే పనిని ఎంత పెద్దగా చేశారో తెలుసా. 1991లో కువైట్‌లో ఆరు వందలకు పైగా చమురు బావులు తగలబడ్డాయి. హంగరీ వాళ్లు పాత టీ-34 ట్యాంకు మీద రెండు మిగ్-21 విమానాల జెట్ ఇంజన్లు బిగించి, నీళ్లతో కలిపి ఆ మంటల మీద ఊదించారు. దానికి పేరు కూడా పెద్ద గాలి అనే అర్థం వచ్చేలా పెట్టుకున్నారు. బావిలోంచి చమురు చిమ్ముతూనే ఉంటుంది, మంటను మాత్రం దాని మీంచి విడదీసేస్తారు. పుట్టినరోజు కేకు మీద జరిగేదీ అదే.

ఈ మాట చెప్పాక గ్యాస్ స్టవ్ సంగతి చెప్పకుండా ఉండలేను. కొవ్వొత్తి మంట ఆరితే మిగిలే ఆవిరి చిటికెడు, అదీ ఒక నిమిషంలో చల్లారుతుంది. స్టవ్ మంట కిటికీ గాలికి ఆరితే గ్యాస్ ఆగదు. మన ఇళ్లల్లో చాలా స్టవ్వులకు మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగే ఏర్పాటు ఉండదు. సిలిండరు గ్యాస్ గాలి కంటే బరువు, కింద పేరుకుంటుంది, గాలిలో 2 శాతం చేరితే చాలు అంటుకోవడానికి. పాలు సన్నటి సెగ మీద పెట్టి పక్క గదిలోకి వెళ్లడం మా ఇంట్లో కూడా మామూలే, ఇప్పుడు మానేశాం, సన్నటి సెగే గాలికి ముందు ఆరేది. అలాగే మూకుడులో నూనె అంటుకుంటే ఊదకండి, నీళ్లు పోయకండి, స్టవ్ కట్టేసి మూత పెట్టండి. అక్కడ వేడి నూనెలోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది, ఊదితే మంట చెదిరి మీ మీదికే వస్తుంది.

కేకు మీద ఊదడం గురించి అమ్మకు తెలియకుండానే ఆవిడ వైపు ఒక సాక్ష్యం దొరికింది. 2017లో అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు కేకు క్రీము మీద కొవ్వొత్తులు పెట్టి ఊదించి చూస్తే, ఊదని క్రీము కంటే ఊదిన దాని మీద బాక్టీరియా సగటున 1400 శాతం ఎక్కువగా కనిపించింది. ఒక్కో మనిషిని బట్టి చాలా తేడా ఉంది, జబ్బు పడిపోతామని భయపడక్కర్లేదు. కానీ వచ్చే ఏడాది నుంచి కొవ్వొత్తులు పక్కన పళ్లెంలో పెడదామని ఇంట్లో అనుకున్నాం, చిన్నది కూడా సరే అంది.

ఆ మర్నాడు ఉదయం అమ్మ దేవుడి దగ్గర దీపం కొండెక్కించడం చిన్నది పక్కన కూర్చుని చూసింది. అమ్మ ఒక పువ్వు కాడతో వత్తిని మెల్లగా నూనెలోకి తోసింది. "పొగ రాలేదేం పిన్నీ?" అని నన్ను అడిగింది. నేను కూడా అప్పుడే గమనించాను. వత్తి నూనెలో మునగగానే వేడి మొత్తం నూనెకు పోయింది, ఎర్రటి చుక్క కూడా మిగల్లేదు, ఇక ఆవిరి పుట్టేది ఎక్కడ? నోటితో ఊదితే గదంతా కమిలిన వాసన వస్తుంది, ఇలా అయితే రాదు, పైగా వత్తి నూనెలో తడిసి ఉంటుంది కాబట్టి రేపటికి వెంటనే అంటుకుంటుంది. ఆ మాట చెబితే అమ్మ, "మరి నేను చెప్పినదేటి" అంది.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్న పని ఏమిటంటే, సీసా ఎంత వెడల్పు ఉన్నంత వరకు వెనక కొవ్వొత్తి ఆరుతుంది అన్నది. నీళ్ల సీసాకు ఆరింది, హార్లిక్స్ సీసాకు ఆరింది, పాలపొడి డబ్బాకు మూడు ఊదుల్లో ఒకసారే ఆరింది, కొవ్వొత్తిని డబ్బాకు ఇంకాస్త దగ్గరగా జరిపితే రెండుసార్లు ఆరింది. చిన్నది ఒక నోటుబుక్కులో గళ్లు గీసి అన్నీ రాస్తోంది. ఆదివారం బియ్యం డబ్బాతో చూస్తాం.